మన బతుకు మనం రాసుకుంటే పక్కవాళ్లకేం లాభం?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు సొంత రాతల గురించే ఉన్నాయి. అందుకని మిగతా ప్రశ్నల్ని వచ్చే నెలకు వాయిదా వేసి, శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను. పొడుగు ఉత్తరాల్ని కుదించాను. ఎవరి పేర్లూ వేయలేదు.

ప్రశ్న: నాకు నలభై తొమ్మిదేళ్లు. 2008లో లేఖిని అనే వెబ్‌సైట్‌లో తెలుగు టైపు చేయడం నేర్చుకుని ఒక బ్లాగు పెట్టుకున్నాను. మా చిన్నప్పటి సంగతులు, అమ్మ వంటలు, నాన్న చేలో పనులు, పిల్లల చదువులు, అత్తగారితో తిరిగిన ఊళ్లు, తోచినవన్నీ రాశాను. మూడు వందల పైనే పోస్టులున్నాయి. అప్పట్లో తెలుగు బ్లాగులన్నీ ఒకచోట చూపించే కూడలిలో కనబడితే ఇరవై ముప్పై వ్యాఖ్యలొచ్చేవి. ఇప్పుడు రోజుకు పదిమంది కూడా రారు. మొన్న మా అబ్బాయి "నీ బ్లాగు నువ్వు తప్ప ఎవరు చదువుతారమ్మా, తీసేయ్" అన్నాడు. సరదాకే అన్నాడు గానీ అప్పట్నుంచి నా మనసు అదోలా ఉంది. నేను రచయిత్రిని కాదు, ఉద్యోగం చేసినదాన్నీ కాదు. ఇవి నిజంగా ఎవరికైనా పనికొస్తాయా, లేక నా తృప్తి కోసమేనా? తీసేయమంటారా?
— ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: తీసేయకండి. ముందు ఆ మాట చెప్పేసి తర్వాత మిగతాది మాట్లాడుకుందాం. ఈ పత్రిక మీ చేతికి వచ్చేలోపే ఆ బటన్ నొక్కేస్తారేమోనని నాకు టెన్షన్‌గా ఉంది.

రెండేళ్ల కిందట మా అమ్మకు రెండు మోకాళ్లూ మార్పించాం. ఆపరేషన్ బాగానే జరిగింది. డాక్టరు గారు చెప్పాల్సినవన్నీ చెప్పారు, ఫిజియోథెరపీ అమ్మాయి రోజూ ఇంటికొచ్చింది, ఏ మందు ఎప్పుడు వేసుకోవాలో ఆస్పత్రి వాళ్లిచ్చిన కాగితంలో వివరంగా ఉంది. కానీ ఇంటికొచ్చిన పదకొండో రాత్రి రెండు గంటలప్పుడు అమ్మ మంచం మీద లేచి కూర్చుని "ఎందుకు చేయించావు నాకిది, ఉన్న కాళ్లతోనే పోయేదాన్ని కదా" అని ఏడుస్తుంటే ఏం చేయాలో ఆ కాగితంలో లేదు. ఆ వేళప్పుడు డాక్టరుకు ఫోన్ చేసి అడిగే విషయమూ కాదు.

హాల్లోకొచ్చి కూర్చుని ఫోన్లో తెలుగులో వెతికాను. పేజీల కొద్దీ ఆస్పత్రుల ప్రకటనలే. ఎక్కడో కింద ఒక బ్లాగు దొరికింది. ఎవరో ఒకావిడ, పేరు కూడా రాసుకోలేదు, వాళ్లమ్మకు ఇదే ఆపరేషన్ అయితే రోజుకు నాలుగైదు లైన్లు రాసుకుంటూ పోయింది. మూడో రోజు వాకర్ పట్టించి బాత్రూమ్ దాకా నడిపించారట. ఏడో రోజు మంచం మరీ కిందకు ఉండి అమ్మ లేవలేకపోతుంటే కోళ్ల కింద ఇటుకలు పెట్టారట. పన్నెండో రాత్రి అమ్మ ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఎందుకు చేయించామా అనుకున్నాను అని రాసింది. పద్నాలుగో రోజు కుట్లు తీశారు. ఇరవయ్యో రోజుకు మోకాలు తొంభై డిగ్రీలు వంగింది. నెలన్నరకు వాళ్లమ్మ కర్ర పట్టుకుని ఒక్కతే పెరట్లో తులసికోట దాకా వెళ్లి నీళ్లు పోసి వచ్చింది.

ఆ పన్నెండో రాత్రి లైను నేను నాలుగైదుసార్లు చదివాను. లోపలికెళ్లి అమ్మకు చదివి వినిపించాను. "ఆవిడ కూడా ఏడ్చిందా?" అని అడిగింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ ఇటుకలేవో మనమూ పెడదాం" అంది. తెల్లారి పెట్టాం.

ఆ బ్లాగులో ఆఖరి పోస్టు 2014ది. వ్యాఖ్యలు రెండో మూడో ఉన్నాయి, వాటిలో ఒకటి చుట్టాలదే అని చదివితే తెలుస్తోంది. నేను కృతజ్ఞతగా నాలుగు మాటలు రాశాను, జవాబు రాలేదు. ఆవిడ అటు వైపు చూసి ఎన్నాళ్లయిందో. నేనొక రాత్రి ఆ పేజీ తెరిచి, దాంతో ఒక ముసలావిడ కుదుటపడిందని ఆవిడకు తెలిసే దారే లేదు. మీరు రోజుకు పదిమంది అంటున్నారు కదా. ఆ పదిమందిలో ఎవరు ఏ అవసరంతో వచ్చారో, చదివి ఏం చేసుకున్నారో బ్లాగులోని లెక్కల పేజీ మీకు చెప్పదు. అప్పట్లో ముప్పై వ్యాఖ్యలు పెట్టినవాళ్లు మీకు తెలిసినవాళ్లు, మీలాగే బ్లాగులు రాసేవాళ్లు, ఒకరి పోస్టు ఒకరు చదువుకునేవాళ్లు. ఆ సందడి బాగుండేది, నేనూ దాన్ని చూశాను. అయితే ఇప్పుడు వచ్చే మనిషి వేరు. అతను మీ కోసం రాడు, తన పని మీద వస్తాడు.

అలాగని మీరు రాసిన ప్రతిదీ ఎవరికో ఒకరికి పనికొస్తుందని అబద్ధం చెప్పను. మీ బ్లాగు రెండు సాయంత్రాలు కూర్చుని చదివాను. వాన మీద రాసినవి, "ఈ రోజు ఎందుకో మనసు బాగోలేదు" అన్నవి, పండగ శుభాకాంక్షలు, ఇలాంటివి ఒక వంద దాకా ఉంటాయి. అవి మీవే, మీ తృప్తికే, అందులో తప్పేం లేదు. వాటిలో మీ పేరు తీసి ఇంకొకరి పేరు పెట్టినా తేడా తెలియదు.

కానీ 2011లో మీరు మీ అమ్మమ్మగారి ఊరి గురించి రాసిన పోస్టు చూడండి. 1986 ఆగస్టులో గోదావరికి వరదొచ్చినప్పుడు మీకు పదేళ్లు. నీళ్లు అరుగు మూడో మెట్టు దాకా రాగానే మీ అమ్మమ్మ ముందు పచ్చడి జాడీల్ని ఉట్టి మీదకు ఎక్కించిందనీ, తర్వాతే బట్టల పెట్టె సంగతి చూసిందనీ రాశారు. నీళ్లు తీశాక గాదెలో అడుగు ధాన్యం మొలకలెత్తి, ఇల్లంతా పుల్లటి వాసన వేసిందని, ఆ వాసన పోవడానికి సంక్రాంతి దాకా పట్టిందని రాశారు. ఆ ఏడాది ఆగస్టు 16న భద్రాచలం దగ్గర నీటిమట్టం 75.6 అడుగులకు చేరింది. ఆ అంకె ప్రభుత్వ రికార్డులో ఉంది, ఇప్పటికీ గోదావరికి వరదొచ్చినప్పుడల్లా పేపర్లన్నీ దాన్ని గుర్తు చేస్తాయి. మరి ఆ నీళ్లు కిందికి వచ్చి ఒక లంక ఊళ్లో ఒక ఇంటి అరుగు ఎక్కినప్పుడు ఆ ఇల్లాలు ముందు దేన్ని కాపాడుకుంది? అది మీ పోస్టులో తప్ప ఎక్కడా లేదు. వరదల మీద పని చేసేవాళ్లు, కథలు రాసేవాళ్లు, ఆ ఊరి నుంచి అమెరికా వెళ్లిపోయిన కుటుంబాల పిల్లలు, వీళ్లలో ఎవరికి ఎప్పుడు కావాల్సొస్తుందో మనకు తెలియదు గానీ, కావాల్సొచ్చినప్పుడు దొరికేది అదొక్కటే.

ఆవకాయ పోస్టు కూడా అంతే. ఆవకాయ ఎలా పెట్టాలో చెప్పే వీడియోలు వేలల్లో ఉన్నాయి. మీరు రాసింది మీ ఇంట్లో ఆవకాయ పెట్టిన రోజు. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయలు తెల్లారుజామునే తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టడం, కత్తిపీట దగ్గర మీ నాన్న ఒక్కరే కూర్చోవడం, అమ్మ కొలతంతా మానికతో కొలవడం, ఇంట్లో ఆ మానిక పోయాక ఏడాదంతా ఉప్పు ఎక్కువైందని గొడవ. దాని కిందే నాలుగు గిద్దలు ఒక సోల, నాలుగు సోలలు ఒక మానిక, నాలుగు మానికలు ఒక కుంచం అని మీ ఇంటి లెక్క రాసి పెట్టారు. డల్లాస్‌లో ఉన్న ఒక అమ్మాయి వాళ్ల నాయనమ్మ రాసిన పాత కాగితంలో "కారం మానికన్నర" అని చూసి బుర్ర గోక్కుంటోందనుకోండి, ఆ నాలుగు ముక్కలతో లెక్క తేలిపోతుంది.

ఇదంతా కొత్త సంగతేమీ కాదు. ఏనుగుల వీరాస్వామయ్య గారు మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటర్‌గా పని చేసేవారు. 1830 మే 18న పరివారంతో కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరు 3న మళ్లీ చెన్నపట్నం చేరారు. పదిహేను నెలలకు పైగా సాగిన ఆ ప్రయాణంలో ఎక్కడ మజిలీ చేస్తే అక్కడి సంగతులు రాసుకున్నారు. ఈ ఊళ్లో దిగడానికి చోటుందా, అంగళ్లున్నాయా, నీళ్లు బాగుంటాయా, దారి రాళ్లా బురదా, ఏ నాణెం చెల్లుతుంది, మనుషులు ఎలా ఉన్నారు, ఇవన్నీ. ఆయన చరిత్ర రాస్తున్నాననుకోలేదు. కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లై అనే స్నేహితుడు కోరితే రాశారు. 1836లో ఆయన పోయారు. రెండేళ్ల తర్వాత ఆ స్నేహితుడే దాన్ని అచ్చు వేయించారు. ఇవాళ ఆ కాలపు కడప, కర్నూలు, హైదరాబాదు దారులెలా ఉండేవో తెలుసుకోవాలంటే పండితులు దాని దగ్గరకే పోతారు. ఆ కాలంలో ఘనమైన ప్రబంధాలు రాసినవాళ్లు లేకపోలేదు. వాళ్లెవరూ దారిలో మంచినీళ్లు ఎక్కడ దొరుకుతాయో రాయలేదు.

మీరు ఆయనంతటివారని పొగడడానికి ఇది చెప్పడం లేదు. మీ పోస్టుల్లో పనికొచ్చేవి ఏవి అని మీరే ఏరుకోవడానికి చెబుతున్నాను. మీ కళ్లతో చూసింది, మీ చేత్తో చేసింది, ఆ రోజు ధర, ఆ వస్తువు పేరు, మీ ఇంట్లో దాన్ని ఏమనేవాళ్లో ఆ మాట, ఇవి ఎక్కడున్నాయో ఆ పోస్టుకు విలువుంది. మీ నాన్నగారు స్వర్ణ వరి వేసిన సంగతి రాశారు, అది మీ పక్కనున్న మారుటేరు పరిశోధన కేంద్రం ఇచ్చిన రకమే. అయితే ఎకరానికి ఎన్ని బస్తాలయ్యాయో, ఊడ్పు కూలి ఎంతిచ్చారో రాయలేదు. నాన్నగారు ఉన్నారని వేరే పోస్టులో చదివాను. ఈ ఆదివారమే అడగండి. సంవత్సరం కూడా అడిగి రాసుకోండి. "చిన్నప్పుడు", "ఆ రోజుల్లో" అంటే ముప్పై ఏళ్ల తర్వాత చదివేవాడికి ఏ రోజులో తెలియదు.

ఇంకో పని కూడా చేయాలి, మీ అబ్బాయికే అప్పగించండి. బ్లాగు సెట్టింగ్స్‌లో బ్యాకప్ తీసుకునే వీలుంటుంది, మొత్తం ఒక ఫైలుగా వచ్చేస్తుంది. దాన్ని రెండు చోట్ల దాచమనండి. మనం రాసుకునే చోటు మనది కాదు, అద్దె ఇల్లు లాంటిది. 2009 అక్టోబరులో యాహూ వాళ్లు జియోసిటీస్ అనే వెబ్‌సైటును మూసేసినప్పుడు లక్షలాది సొంత పేజీలు పోయాయి. కొందరు ఔత్సాహికులు రాత్రింబవళ్లు కూర్చుని కాపీలు తీసిపెట్టబట్టి కొంతైనా మిగిలింది. ముఖ్యమైన పోస్టులు ఓ ముప్పై ఏరి ప్రింటు తీయించి బైండు చేయించండి, ఇంట్లో ఉంటుంది.

అబ్బాయి మీద కోపం పెట్టుకోకండి. ఆ పుస్తకం వాడి చేతికే ఇవ్వండి.

ప్రశ్న: సొంత అనుభవాలు బ్లాగులో రాస్తే డబ్బులొస్తాయా? ఎంత రావచ్చు?
— ఒక డిగ్రీ విద్యార్థి, ఒంగోలు

జవాబు: తెలుగు పేజీల మీద గూగుల్ ప్రకటనలు 2018 నుంచి వేసుకోవచ్చు. కానీ సొంత అనుభవాలు రాసే తెలుగు బ్లాగు మీద బతకొచ్చని నేను చెప్పలేను. డబ్బు కోసమే అయితే వేరే పని చూసుకోండి, ఆ పనిలో నేర్చుకున్నది రాయండి. ప్రకటనల కోసం రాయడం మొదలుపెడితే జనం ఏది వెతుకుతున్నారో చూసి అదే రాయాల్సొస్తుంది, అప్పుడు మీ బ్లాగులో మీరు చూసిందంటూ ఏమీ మిగలదు.

ప్రశ్న: మా నాన్నగారు పోయిన ఏడాది క్యాన్సర్‌తో పోయారు. మా అన్నయ్య తన బ్లాగులో ఆయన ఆఖరి రెండు నెలలూ రాశాడు. ఆస్పత్రిలో ఆయన పడ్డ అవస్థ, మంచంలోనే అన్నీ అవడం, డబ్బు దగ్గర మా చిన్నాన్నతో జరిగిన గొడవ, అన్నీ పేర్లతో సహా. చదివినవాళ్లు చాలామంది "మా ఇంట్లోనూ ఇంతే, చదివి ధైర్యం వచ్చింది" అని అన్నయ్యకు రాశారట. అమ్మ మాత్రం రెండు రోజులు అన్నం తినలేదు. పదిమందికి ఉపయోగపడుతుంది కాబట్టి అమ్మే సర్దుకోవాలి అంటాడు అన్నయ్య. ఎవరిది న్యాయం?
— ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: అమ్మది.

పైన తణుకు ఆవిడకు అంత గట్టిగా రాయమని చెప్పి ఇక్కడ ఇలా అంటున్నానేమిటని మీ అన్నయ్యకు అనిపించవచ్చు, అందుకే వివరంగా చెబుతాను. అన్నయ్య రాసింది పదిమందికి పనికొచ్చిందన్నది నిజమే. మా అమ్మ మోకాళ్ల సంగతి పైన రాశాను కదా, అలాంటి రాతే ఇదీనూ. కానీ ఆ బ్లాగావిడ వాళ్లమ్మ పేరు రాయలేదు, ఊరు రాయలేదు. నాకు ఆ పేరుతో పనే పడలేదు, ఆ పన్నెండో రాత్రే నాకు కావాల్సింది. మీ అన్నయ్య రాతలోంచి మీ నాన్నగారి పేరు, చిన్నాన్న పేరు, ఆ డబ్బు గొడవ తీసేస్తే చదివినవాళ్లకు అందిన ధైర్యంలో ఏం తగ్గుతుంది? ఏమీ తగ్గదు. ఆ పేర్ల వల్ల బాధ పడేది మీ ఇంట్లోవాళ్లే, ముఖ్యంగా అమ్మ. ఊళ్లో ఎదురుపడ్డ ప్రతివాళ్లూ తన భర్త మలమూత్రాల సంగతి చదివి ఉంటారని ఆమెకు తెలుసు. మీ నాన్నగారిని అడిగితే ఒప్పుకునేవారా అన్నది ఇంకో ప్రశ్న, దానికి జవాబు చెప్పడానికి ఆయన లేరు.

ఈ తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ల కిందట మా పిన్ని కూతురి విడాకుల సంగతి పేరు మార్చి ఒక వ్యాసంలో రాశాను. పేరు మారిస్తే చాలనుకున్నాను. అందులో వాళ్లింటి ముందు గన్నేరు చెట్టు, అల్లుడు నడిపే బండి రంగు అలాగే ఉంచేశాను. మా చుట్టాల్లో గుర్తుపట్టనివాళ్లు లేరు. తను నాతో ఒక్క మాట అంది: "నేను నీతో చెప్పుకున్నాను, పత్రికతో కాదు." ఆ తర్వాత ఇంట్లోవాళ్ల గురించి ఏం రాసినా ముందు వాళ్లకు చదివి వినిపిస్తున్నాను. కొన్నిసార్లు వద్దంటారు. అప్పుడు వేయను.

రాయడం వేరు, రాసిన వెంటనే అందరికీ చూపించడం వేరు. పుదుచ్చేరిలో ఫ్రెంచి గవర్నర్ డూప్లే దగ్గర దుబాసీగా, అంటే ఇంటర్‌ప్రెటర్‌గా ఉన్న ఆనందరంగ పిళ్లై 1736 నుంచి 1761 దాకా తమిళంలో దినచర్య రాసుకున్నారు. అందులో ఎవరు లంచం తిన్నారు, ఎవరి ఇంట్లో ఏం గొడవైంది, అన్నీ ఉన్నాయి. ఆయన బతికుండగా అది ఊరందరి చేతిలో పడలేదు. ఇప్పుడు ఆ కాలపు దక్షిణ భారతం గురించి రాసే ప్రతి చరిత్రకారుడూ దాన్ని తిరగేస్తాడు. అన్నయ్య కూడా అంతా రాసి ఉంచుకోవచ్చు. నాన్న గురించి రాయకుండా ఉండలేకపోతున్నాడంటే అది దుఃఖం, దాన్ని ఆపమనకండి. బయట పెట్టే దాంట్లో పేర్లు, ఊరు, డబ్బు సంగతి తీసేసి, మిగిలింది అమ్మ పక్కన కూర్చుని తనే చదివి వినిపించమనండి. అమ్మ ఏ లైను దగ్గర చెయ్యి ఎత్తితే ఆ లైను పోవాలి.

ప్రశ్న: ఇప్పుడు ఏది అడిగినా ఏఐ చెప్పేస్తోంది. ఇంకా మనుషులు కూర్చుని సొంత అనుభవాలు రాయడం దండగ కదా?
— ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: అది చెప్పేది ఎక్కడో ఒకచోట మనుషులు రాసిపెట్టిన దాంట్లోంచే చెబుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు 8 కోట్లకు పైనే. ఇంతమందిమి ఉండి తెలుగులో రాసి పెట్టింది ఎంత? సినిమా వార్తలు, రాజకీయాలు, రాశిఫలాలు తీసేయండి. బోరు బావిలో మోటారు ఇరుక్కుంటే మీ ఊళ్లో ఎలా తీశారు, నెలలు నిండకుండా పుట్టిన బిడ్డను ఇంటికి తెచ్చుకున్న మొదటి వారం ఎలా గడిచింది, నాన్న పేరు మీదున్న పొలం పాసుపుస్తకం మీ పేరుకు మారడానికి ఎన్నిసార్లు తిరిగారు, ఇవి తెలుగులో ఎన్ని చోట్ల దొరుకుతాయి? మనం రాయని సంగతి ఏ మిషనూ మనకు చెప్పలేదు. మహా అయితే ఎవరో ఇంగ్లీషులో రాసిన వాళ్ల ఊరి సంగతి తెచ్చి తెలుగులో చెబుతుంది.

ప్రశ్న: మాది జగిత్యాల జిల్లా. తొమ్మిదో తరగతి దాకా చదివిన. తొమ్మిదేళ్ల సంది సౌదీలో, దమ్మామ్‌లో షట్టరింగ్ కార్పెంటర్‌గా చేస్తున్న. రాత్రి రూమ్‌లో ఫోన్ల నోట్స్‌లో ఏదో ఒకటి రాసుకుంట. మా రూమ్మేట్ చదివి బ్లాగు పెట్టుమంటున్నడు. నా తెలుగుల తప్పులుంటయ్, మా భాషల రాస్త. నా బతుకుల ఏమున్నదని జనం చదువుతరు? నేను రాస్తె ఎవరికి ఫాయిదా?
— ఒక పాఠకుడు, దమ్మామ్

జవాబు: తమ్ముడూ, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టింది మీదే. మీరు పంపిన నాలుగు నోట్సు కూడా చదివాను. ఒకదాంట్లో ఎండాకాలం ఇనుప రాడ్లు పట్టుకోవడానికి చేతి తొడుగుల కింద తడిగుడ్డ చుట్టుకుంటామని, పది గంటలకల్లా ఆ గుడ్డ అట్ట ముక్కలా అయిపోతుందని రాశారు. ఇంకోదాంట్లో అమ్మ పోయిందని ఫోనొచ్చిన రోజు, ఇఖామా (అక్కడ ఉండడానికిచ్చే అనుమతి కార్డు) రెన్యువల్ కాక కదల్లేక, రూమ్‌లో పదకొండు మంది మీ చుట్టూ కూర్చుని తెల్లారేదాకా ఎవరూ పండుకోలేదని రాశారు. మీ బతుకుల ఏమున్నదని నన్ను అడుగుతున్నారు. ఆ రెండు నోట్సు చదివాక ఆ మాట అనకండి.

ఎవరికి ఫాయిదా అన్నారు, చెబుతాను. మీ ఊళ్లో ఈ రోజు ఇరవై ఏళ్ల పిల్లగాడు ఒకడు పాస్‌పోర్టు పట్టుకుని ఏజెంటు ముందు కూర్చుని ఉంటాడు. ఏజెంటు చెప్పేది ఒకటి, అక్కడికెళ్లాక జరిగేది ఒకటి. ఒకరి పేరు మీద వెళ్లి వేరేచోట పని వెతుక్కునే ఆజాద్ వీసా అంటే నిజంగా ఏమిటి, కఫీల్ (వీసా ఇచ్చిన అక్కడి యజమాని) పాస్‌పోర్టు తీసుకుంటే ఏం చేయాలి, అగ్రిమెంటులో రాసిన పనికి, సైట్‌లో చేయించే పనికి తేడా వస్తే ఎవరికి చెప్పుకోవాలి, ఖల్లివెల్లి అయినవాళ్ల (యజమాని దగ్గర్నుంచి పారిపోయి కాగితాల్లేకుండా ఉన్నవాళ్ల) గతేమిటి, పాస్‌పోర్టు లేక ఔట్‌పాస్ అనే తాత్కాలిక కాగితం మీద వచ్చినవాళ్లు ఎన్ని రోజులు తిప్పలు పడ్డారు, ఇవి ఆ పిల్లగాడికి ఎవరు చెబుతారు? పది పాస్ కాకపోతే పాస్‌పోర్టు ఈసీఆర్ (ఎమిగ్రేషన్ చెక్ రిక్వైర్డ్) కింద వస్తుందని, దాంతో గల్ఫ్ దేశాలతో కలిపి పద్దెనిమిది దేశాలకు పనికి వెళ్లాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తప్పనిసరి అని, ఏజెంటుకు లైసెన్సు ఉందో లేదో ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చని రూల్సు చెప్పే పేజీలు ఉన్నాయి. ఆ పేజీలు చదివి వాడికి భయం వేయదు, నమ్మకమూ కలగదు. మీరు మీ భాషలో "నేను గిట్ల మోసపోయిన, నువ్వు గిది చూసుకో" అని రాస్తే ఆగి చదువుతాడు. పక్క ఊరి అన్న చెప్పినట్టుంటుంది.

అందుకే భాష మార్చకండి. తప్పులు దిద్దుకుంటే దిద్దుకోండి, "సంది" తీసి "నుంచి" పెట్టాల్సిన పనిలేదు. గల్ఫ్ క్యాంపుల్లో మనవాళ్లు అరబీ, హిందీ, తెలుగు కలిపి మాట్లాడే మాటలు మీ నోట్సులో ఉన్నట్టుగా నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు.

ఒక్క విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. మీరున్న దేశంలో ఒకరి పరువు తీసేలా ఇంటర్నెట్‌లో రాయడం క్రిమినల్ నేరం. మన దగ్గర ఏదో రాసి ఊరుకున్నట్టు అక్కడ కుదరదు. కంపెనీ పేరు, సూపర్‌వైజర్ పేరు, సైట్ పేరు, కఫీల్ పేరు ఏదీ రాయకండి. మీ పేరు కూడా వద్దు. రూమ్ ఫోటోలు, తోటివాళ్ల ముఖాలు, ఇఖామా నంబర్లు అసలే వద్దు. ఆ దేశం గురించి, అక్కడి రాజు గురించి, మతం గురించి ఒక్క ముక్క వద్దు. జీతం ఆపేసిన సంగతి లాంటివి మీరు ఇంటికొచ్చేశాక రాసుకోవచ్చు, అవి ఎక్కడికీ పోవు.

పేరు లేకుండా రాస్తే ఎవరు నమ్ముతారని అనుకోకండి. 2003లో ఇరాక్ మీద యుద్ధం మొదలవుతున్నప్పుడు బాగ్దాద్‌లో ఒక యువకుడు సలామ్ పాక్స్ అనే మారుపేరుతో తన వీధిలో, తన ఇంట్లో ఏం జరుగుతోందో బ్లాగులో రాస్తే ప్రపంచమంతా చదివింది. 2009లో పాకిస్తాన్‌లోని స్వాత్ లోయలో తాలిబన్లు ఆడపిల్లల బడులు మూయిస్తుంటే పదకొండేళ్ల మలాలా, బీబీసీ ఉర్దూ కోసం గుల్ మకాయ్ అనే పేరుతో తన రోజులు రాసింది. బడికి యూనిఫాం వేసుకోవద్దన్నారని, రంగు బట్టలేసుకుని వెళ్లామని, అలాంటి చిన్న చిన్న సంగతులు. పేరు చూసి ఎవరూ నమ్మలేదు, అప్పటికి ఆ పేరు ఎవరికీ తెలియదు కూడా. యూనిఫాం సంగతి చదివి నమ్మారు.

రోజూ రాయాలని పెట్టుకోకండి, పని చేసి అలసిపోయి వస్తారు. వారానికి ఒకటి చాలు, శుక్రవారం సెలవు కదా. ఫోన్‌లో కీబోర్డు మీద తెలుగు కొట్టడం కష్టమైతే మైకు నొక్కి చెప్పండి, అదే రాసుకుంటుంది, తర్వాత దిద్దుకోవచ్చు. రాసినవి మీ తమ్ముడికో చెల్లెకో కూడా పంపి ఉంచండి, ఫోన్ పోయినా ఉంటాయి.

మొదటి పోస్టు ఏం రాయాలని కూడా అడిగారు. తొమ్మిదేళ్ల కింద విమానం దిగిన రోజు నుంచి మొదలుపెట్టండి. ఎయిర్‌పోర్టుకు ఎవరొచ్చారు, క్యాంపుకు ఎంతసేపు పట్టింది, ఆ రాత్రి ఏం తిన్నారు, మొదటి జీతం ఎన్నో రోజుకు చేతికొచ్చింది, అందులో ఏజెంటు అప్పుకు ఎంత పోయింది, ఇంటికి ఎంత పంపారు.